దేవన్న పరువు: వందకు ఏడు

ఆ సోమవారం స్నేహలత పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికి తను పనిచేసే పసుపు రైతుల సంఘం ఆఫీసు తాళం తీయాలి. ఒక మెయిల్ పంపాలి. పది కల్లా ఇంటికి వెళ్లి తల్లి పక్కన కూర్చుని, తవ్విన పసుపు ఏరాలి.

మెయిల్‌లో ఉన్నవి రెండే వాక్యాలు. "మీ బాయిలర్‌ను మా ఊళ్లో పెట్టడానికి సమ్మతిస్తున్నాం. షెడ్డు, నీళ్లు, కరెంటు మేము చూసుకుంటాం." బోధన్‌లో ఒకప్పుడు చెరకు గానుగలు తయారు చేసిన కంపెనీ ఒకటి ఇప్పుడు పసుపును ఆవిరితో ఉడకబెట్టే బాయిలర్లు చేస్తోంది. ఈ సీజన్‌కు ఒక్క బాయిలర్‌ను ఒక్క ఊళ్లో ఉచితంగా పెడతాం, వాడి చూడండి అంది. చీటీలు తీస్తే ముప్కాల్ దగ్గరి ఈ ఊరి పేరు వచ్చింది. సోమవారం సాయంత్రం ఐదు లోపల సమ్మతి మెయిల్‌లో అందాలన్నది షరతు. అందకపోతే రెండో చీటీ మెండోర వాళ్లది.

ఊళ్లో పసుపు ఇప్పటికీ పెద్ద కడాయిల్లోనే ఉడుకుతుంది. స్నేహలత తల్లి భీమవ్వ ఆ కడాయిల దగ్గర కట్టెల పొగలో పని చేస్తుంది. నిరుడు గంప దించుతుంటే మరిగే నీళ్లు చిమ్మి ఆమె చేయి మోచేతి దాకా బొబ్బలెక్కింది. గాయం మానింది గాని చేయి ఇప్పటికీ పూర్తిగా వంగదు. "ఈసారి నువ్వు కడాయి కాడికి పోవుడు లేదవ్వా" అని స్నేహలత మాట ఇచ్చింది. ఆ మాట ఇప్పుడు ఈ రెండు వాక్యాల మీద నిలబడి ఉంది.

తొమ్మిదీ పదికి మెయిల్ పంపింది. చేరిందో లేదో అడుగుదామని కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఫౌజియాకు ఫోన్ చేసింది.

"మెయిల్ అచ్చిందా మేడం?"

"ఏం రాలేదమ్మా. మళ్లీ పంపు."

మళ్లీ పంపింది. రాలేదు. మూడోసారి పంపింది. అదీ రాలేదు.

"ఆగు, చెత్త డబ్బాల చూస్త" అంది ఫౌజియా. కాసేపటికి ఆమె నవ్వు వినిపించింది. "ఉన్నయి. మూడూ ఈడనే పడ్డయి. మీ సంఘం మెయిళ్లు నాలుగు నెలల సంది ఈడనే పడుతున్నయి."

"మరి అండ్లకెల్లి తీస్కోరాదుండ్రి మేడం."

"తీస్తే లెక్కల పట్టదమ్మా. సమ్మతుల లిస్టు మిషన్ తయారు చేస్తది. ఒక ఊరిది నేను చేత్తోని లోపలేసిన్నని తెలిస్తే రెండో ఊరోళ్లు నా మీద పడతరు."

"మావి చెత్తల ఎందుకు పడుతున్నయి?"

"ప్రతి అడ్రసుకు మా మిషన్ మార్కులేస్తది. పంపేటోళ్లు షరీఫులా, జనాలను సతాయించేటోళ్లా అని. మీకు వందకు ఏడు."

"ఏడా?"

"పోయిన వారం తొమ్మిది ఉండె."

స్నేహలత పదో తరగతిలో లెక్కల్లో తొంభై నాలుగు తెచ్చుకున్న పిల్ల. ఏడు అనే అంకె ఆమెకు దగ్గరివాళ్లలో ఎవరికీ రాలేదు. సంఘం నుంచి పంపిన మెయిళ్లన్నీ తెరిచి చూసింది. సంగతి అక్కడ బయటపడింది.

సంఘం అధ్యక్షుడు దేవన్న నాలుగు నెలల క్రితం మెయిల్ పంపడం నేర్చుకున్నాడు. అప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున నాలుగూ యాభైకి, సంఘం పుస్తకంలో ఉన్న పదకొండు వందల నలభై అడ్రసులకు శుభోదయం పంపుతున్నాడు. ఒకరోజు గులాబీలు. ఒకరోజు రామచిలకలు. ఒకరోజు పొగలు కక్కే టీ కప్పు. ఆదివారాలు రెండేసి. ఆ అడ్రసుల్లో సగం మూతపడ్డ విత్తనాల షాపులవి, బదిలీ అయిపోయిన ఆఫీసర్లవి. మూడేళ్ల క్రితం చనిపోయిన పశువుల డాక్టరుకు కూడా నూట ముప్పైకి పైగా శుభోదయాలు వెళ్లాయి. బతికున్న వాళ్లలో చాలామంది ఇది చెత్త అని బటన్ నొక్కారు. నొక్కినప్పుడల్లా మార్కులు తగ్గాయి.

"ఇప్పుడేం జేయాలె మేడం?"

"వైట్ లిస్టు అని ఒకటుంటది. అండ్ల పేరెక్కినోళ్లకు మార్కులతోటి పనే లేదు. ఏం పంపినా సీదా లోపలికొస్తది."

"గయితే మమ్ములను ఎక్కియ్యుండ్రి."

"ఎక్కియ్యాలంటే మీరు దరఖాస్తు పంపాలె. మెయిల్ల."

"పంపితే?"

"చెత్త డబ్బాల పడుతది."

స్నేహలత ఫోన్ పెట్టేసింది.

పదిన్నరకు దేవన్న వచ్చాడు. ఆయనకు అరవై రెండేళ్లు. పద్నాలుగేళ్లుగా ఆయనే అధ్యక్షుడు. స్నేహలత మాట మామూలుగానే పక్క కుర్చీ దాకా వినపడదు. అలాంటిది పెద్ద మనిషి ముఖం మీద 'నీ గులాబీల వల్లే' అని ఎలా చెబుతుంది? సగమే చెప్పింది.

"పెద్దబాపు, బోధన్ కంపెనీల సంఘానికి మార్కులు తక్కువున్నయట. గందుకే మన మెయిల్ తీస్కుంటలేరు."

"ఏం మార్కులు?"

"పరువు మార్కులు. పంపేటోళ్ల మీద ఎంత నమ్మకమున్నదని."

"ఎంతేసిండ్రు?"

"వందకు... ఏడు."

దేవన్న కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. తుడిచినా ఏడు ఏడుగానే ఉంది.

"ఎవడేసిండు?"

"మనిషి కాదు పెద్దబాపు, మిషన్."

"మిషన్‌కు నేనెట్ల ఎరుక?"

ఈ ప్రశ్నకు జవాబు స్నేహలత దగ్గర ఉంది. కానీ అది గొంతులో ఉండగానే సంఘం కార్యదర్శి హన్మాండ్లు లోపలికి వచ్చాడు. ఆయన వచ్చాక గదిలో వేరే వాళ్ల మాటలకు చోటుండదు. విషయం విని ఆయన తొడ చరిచాడు.

"గింతేనా? నీ మాట నమ్ముతలేరు, అంతే గదా. జమానతు పెడదాం."

ఆ చుట్టుపక్కల అది తరాల నాటి పద్ధతి. ఎడ్లు కొన్నా, సంబంధం కలుపుకున్నా, పొలం కౌలుకు తీసుకున్నా, ఎదుటివాడు అనుమానపడితే ఎరిగిన వాళ్లు ఇద్దరు ముందుకొచ్చి 'ఆయన మాటకు నేనున్న' అంటారు. అంతటితో అనుమానం తీరిపోతుంది. దేవన్న స్వయంగా సగం ఊరికి అలా నిలబడ్డవాడు.

"మనిషికైతే ఇద్దరు సాలు. మిషన్ గాబట్టి జర ఎక్కువ మంది కావాలె" అన్నాడు హన్మాండ్లు. "సభ్యులల్ల మెయిల్ ఉన్నోళ్లు ఎందరే స్నేహా?"

"నలభై రెండు మంది. గని కాకా, గట్ల పంపితే..."

"నలభై రెండు. మస్తు."

పదకొండున్నరకల్లా సంఘం షెడ్డు నిండిపోయింది. పసుపు ఏరుతున్న వాళ్లు ఏరుతున్నట్టే పచ్చటి చేతులతో వచ్చారు. అందరూ ఆఫీసు వైఫైకి తగులుకున్నారు. హన్మాండ్లు బల్లెక్కి మాటలు చెప్పాడు. "దేవన్నను ఆయన చిన్నప్పటి సంది ఎరుగుదును. నీతిమంతుడు. ఆయన మాటకు నేను జమానతు."

"కాకా, ఎవలకు తోచినట్టు వాళ్లు రాస్తే మంచిగుంటది గదా" అంది స్నేహలత, గోడకు వినపడేటంత గట్టిగా.

వినపడిన ఒకరిద్దరు అదే అడిగారు. హన్మాండ్లు ఒప్పుకోలేదు. "జమానతుల మాట తేడా రావద్దు. ఒకడు ఒకటంటె ఇంకొకడు ఇంకొకటంటె పంచాయితీ కొట్టుకపోతది. అందరు ఒక్కటే మాట. కామా కూడ మార్చొద్దు." కాబట్టి ఇరవై రెండేళ్ల సుమలత కూడా అరవై రెండేళ్ల దేవన్నను ఆయన చిన్నప్పటి నుంచి ఎరుగుదునని రాసింది.

దేవన్న ముఖం చూస్తే నమ్మకం కలుగుతుందని ఎవరో అన్నారు. సన్మానం నాడు తీసిన ఫోటో ఒకటి ఉంది. అందులో సన్మానించిన వాళ్లను కత్తిరించి, దేవన్న ముఖాన్నీ మెడలో దండనూ మాత్రం ఉంచి, అందరూ దాన్ని మెయిల్‌కు తగిలించారు.

నలభై రెండో సభ్యురాలు రేణుకమ్మ మాత్రం రాలేదు. పిలవడానికి వెళ్లిన హన్మాండ్లు ఒక్కడే తిరిగొచ్చాడు.

"రానన్నది. 'పసుపు నా తరఫున ఆయన ఏరుతడా' అన్నది. 'రోజూ పొద్దుగాల గులాబీలు పంపుతడు, మా పాలిష్ డ్రమ్ము చప్పుడు జేస్తున్నదంటె మూడేండ్లకెల్లి ఒక్కనాడన్న అచ్చి సూసిండా' అన్నది."

"రాకుంటె రాకపాయె" అన్నాడు దేవన్న. "ఒక్కతి లేకుంటె నా పరువు తక్కువైతదా."

ఒంటిగంటకు నలభై ఒక్క మెయిళ్లూ వెళ్లిపోయాయి. షెడ్డులో ఆ సందడిలో ఆఫీసు ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఎవరూ ఎత్తలేదు. దేవన్న ఇంటికి వెళ్లి భోంచేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తిరిగొచ్చాడు. మార్కులు ఎంతకు పెరిగాయో అందరూ వినాలని ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టించాడు.

"ఏం చేసిండ్రమ్మా మీరు?" అంది ఫౌజియా. పొద్దున్న నవ్విన గొంతు కాదది.

"జమానతు మేడం."

"నలభై ఒక్క మెయిళ్లు. ఒక్క తీరు మాటలు. ఒక్కటే ఫోటో. ఒక్కటే జాగ నుంచి, గంటన్నరల. మా మిషన్ దాడి జరుగుతున్నదనుకున్నది. మీ ఊరి నలభై ఒక్క అడ్రసులను వారం దినాలు బందు చేసింది. హైదరాబాద్ నుంచి మా పెద్దసారు ఫోన్ చేసి, దండేసిన ఆ పెద్దాయన ఎవరు, ఎప్పుడు పోయిండు అని అడుగుతున్నడు."

షెడ్డులో ఎవరో దగ్గారు. దేవన్న ఫోన్ దగ్గరికి వంగాడు.

"అమ్మా, నేను బతికే ఉన్న. మార్కులెన్ని చెప్పు."

"మార్కులెక్కడియి చాచా. ఏడు కూడ పాయె. ఇప్పుడు సున్నా."

"నేనేం పాపం జేసిన?"

"రోజూ శుభోదయం పంపుతున్నరు గదా, అండ్లనే పోయినయి."

"శుభోదయం చెప్పుడు తప్పా?"

"చెప్పుడు తప్పు కాదు చాచా. కోడి కూయకముందే పదకొండు వందల మందికి చెప్పుడు."

దేవన్న స్నేహలత వైపు చూశాడు. స్నేహలత నేల వైపు చూసింది. ఫౌజియా గొంతు కొంచెం మెత్తబడింది.

"ఇంకో మాట. షరతుల కాగితం రెండో పేజీల ఉన్నది. సంఘం అడ్రసే కానక్కర లేదు, సభ్యులల్ల ఎవరు తమ మెయిల్ నుంచి పంపినా సమ్మతి చెల్లుతది. గది చెబుదామనే రెండుసార్లు ఫోన్ చేసిన. ఎవరెత్తలేదు. ఇప్పుడు మీ సభ్యులందరు బందు. ఎవరన్న మిగిలిండ్రా?"

షెడ్డులో నలభై ఒక్క మంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఒక్కామె ఉన్నది మేడం" అంది స్నేహలత. "రేణుకమ్మ అని."

ఫోన్‌లో కుర్చీ కిర్రుమని చప్పుడైంది. "పాలిష్ డ్రమ్ము రేణుకమ్మనా? యా అల్లా. మా వైట్ లిస్టుల మొదటి పేరే ఆమెది."

మూడేళ్ల క్రితం రేణుకమ్మ ఆ కంపెనీ నుంచి పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము కొన్నది. అప్పటి నుంచి వారానికొక ఫిర్యాదు రాస్తోంది. చప్పుడని ఒక వారం, బోల్టని ఒక వారం, రంగు పోయిందని ఒక వారం. ఒకసారి ఆమె మెయిల్ చెత్త డబ్బాలో పడి జవాబు రాలేదు. మరునాడు ఆమె రెండు బస్సులు మారి బోధన్ వెళ్లింది. మేనేజర్ కుర్చీలో కూర్చుని, సద్ది విప్పుకుని తిని, సాయంత్రం దాకా లేవలేదు. మేనేజర్ ఆ రోజంతా నిలబడే పని చేసుకున్నాడు. ఈమె మెయిల్‌ను మిషన్ ఏమన్నా సరే లోపలికి రానివ్వాలి, ఇరవై నాలుగు గంటల్లో పని కావాలి అని ఆ సాయంత్రమే ఆయన ఆర్డరు వేశాడు. అప్పటి నుంచి మనుషులు వచ్చి పైపైన బోల్టులు బిగించి పోతున్నారు గాని చప్పుడు పోలేదు.

అప్పటికి మూడున్నర అయింది. ఎవరు వెళ్లి అడగాలన్న దాని మీద చర్చ జరిగింది. హన్మాండ్లు తనకు కడుపులో బాగాలేదన్నాడు. చివరకు దేవన్నా స్నేహలతా వెళ్లారు.

రేణుకమ్మ వాకిట్లో టార్పాలిన్ మీద కూర్చుని పసుపు ఏరుతోంది. తల ఎత్తకుండానే పలకరించింది.

"ఏం మరిదీ, ఎండల అచ్చినవు. గియ్యాల గులాబీలు చేతికే ఇద్దామనా?"

"వదినా, నీతోని ఒక మెయిల్ పని పడ్డది."

"జమానతా?"

"నాకు కాదు. ఊరికి."

"ఊరు నలభై ఒక్క మంది ఉన్నది గద. నేనొక్కదాన్ని లేకుంటె తక్కువైతదా."

తన మాట తనకంటే ముందే ఇక్కడికి చేరిందని దేవన్నకు అర్థమైంది. గోడ గడియారం నాలుగు కొట్టింది. స్నేహలత ముందుకు జరిగి టార్పాలిన్ అంచున కూర్చుంది.

"అత్తా, ఐదు లోపల మెయిల్ పోకుంటె బాయిలర్ మెండోరకు పోతది. మా అవ్వ మల్ల కడాయి కాడ నిలబడతది. పోవద్దని నేను మాటిచ్చిన."

రేణుకమ్మ చేతులు ఆగాయి. "గా ముక్క ముందుగాల జెప్పొద్దానే? ఈయన పరువనుకొని పంపలే గని, బాయిలర్ అని నాకెవడు జెప్పిండు?" కొంగుకు చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. "గని సమ్మతి గిమ్మతి నాకు రాయరాదు. నాకచ్చిన తీరు రాస్త."

ఒక్క వేలితో రాయడం మొదలుపెట్టింది. దేవన్న రెండుసార్లు టైము చూశాడు. మూడోసారి చూడబోతే ఆమె "కొట్టుకోకు మరిదీ, అక్షరం తప్పు పడుతది" అంది. నాలుగూ నలభైకి రాయడం పూర్తయింది. స్నేహలత చదివింది.

"విషయం: ఫిర్యాదు. బాయిలర్ ఇస్తమని చీటీ తీసినరు. ఇప్పటిదాక ఇయ్యలేదు. మా ఊరు ఒప్పుకున్నది. షెడ్డు మాది, నీళ్లు మాయి, కరెంటు మాది. ఇంకెందుకు ఆలస్యం. మీ డ్రమ్ము ఇంక చప్పుడు జేస్తనే ఉన్నది. రేణుకమ్మ."

"పుణ్యానికి ఇచ్చేటోళ్లను గిట్ల అడుగుతరా వదినా?" అన్నాడు దేవన్న.

"నువ్వు పూలిచ్చి అడిగితె సున్నా అచ్చె" అని రేణుకమ్మ బటన్ నొక్కింది.

రెండు నిమిషాలకు ఫౌజియా ఫోన్ చేసింది. "అచ్చింది. సీదా లోపలికి. గని సమ్మతుల డబ్బాల పడలేదు. ఫిర్యాదుల డబ్బాల పడ్డది."

స్నేహలత గడియారం వైపు చూసింది. "చెల్లదా మేడం?"

"చెల్లుతది. సభ్యురాలు పంపింది, టైముకు పంపింది, ఊరు ఒప్పుకున్నదని అండ్లనే ఉన్నది. మిషన్ లిస్టుల ఎక్కించుకున్నది. కాకపోతే బాయిలర్ పదిహేను దినాలకు పంపాల్నని ఉండె. ఇప్పుడు రేణుకమ్మ ఫిర్యాదు అయింది గదా. ఇరవై నాలుగు గంటలల్ల తెచ్చి పెట్టకుంటే మా మేనేజర్‌కు మళ్లీ కుర్చీ ఉండది."

మరునాడు మధ్యాహ్నానికి లారీ వచ్చింది. దాంతో పాటు పానాలు పట్టుకుని ఇద్దరు మెకానిక్‌లు దిగారు.

"ఏం ఖరాబైంది?" అని అడిగాడు పెద్ద మెకానిక్.

"బాయిలర్ లేకుండె" అంది రేణుకమ్మ. "గదే ఖరాబు."

మూడు గంటల్లో బాయిలర్ బిగించి, నీళ్లు పోసి ఆవిరి పట్టించారు. భీమవ్వ వంగని చేత్తోనే చక్రం తిప్పి చూసింది. ఆవిరి గొట్టంలోంచి లోపలికి పోయింది తప్ప ఒక్క చుక్క కూడా బయటకు చిమ్మలేదు. ఆమె ఇంకోసారి తిప్పింది. వచ్చిన పనిలో పనిగా మెకానిక్‌లు పాలిష్ డ్రమ్మును కూడా ఈసారి పూర్తిగా విప్పి బిగించారు. మూడేళ్లలో మొదటిసారి అది చప్పుడు చేయకుండా తిరిగింది. రేణుకమ్మ దాని మీద చెవి పెట్టి చాలాసేపు విన్నది. ఆమె ముఖంలో ఏదో పోగొట్టుకున్న దిగులు కనిపించింది.

మెకానిక్ కాగితం నింపాడు. సమస్య: యంత్రం లేదు. పరిష్కారం: యంత్రం పెట్టాం. చివరి గడిలో ఫిర్యాదుదారు తృప్తి చెందినట్టు సంతకం పెట్టాలి. రేణుకమ్మ కలం అందుకుంది.

"పెట్టుండ్రి అమ్మా" అన్నాడు మెకానిక్. "గిది పెడితే మీ ఫిర్యాదులన్నీ బందయితయి. మీ పేరు గూడ ఆ వైట్ లిస్టులకెల్లి తీసేస్తరు. ఇగ మీకు మాతోని పరేషాన్ ఉండది."

బందయిన నలభై ఒక్క మందీ కలం వైపు చూశారు. అధ్యక్షుడు దేవన్న లేచి వెళ్లి, రెండు చేతులతో, వదినగారి వేళ్ల మధ్య నుంచి ఆ కలాన్ని మెల్లగా తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే సంఘం సమావేశమై, సభ్యురాలు రేణుకమ్మ ఇకమీదట ఎన్నడూ తృప్తి చెందరాదని ఏకగ్రీవంగా తీర్మానించింది.